ఉబుంటు 18.04 సర్వరు మీద పోస్ట్‌గ్రెస్ 10, మైఎస్‌క్యూఎల్ 5.7: ఏ ప్యాకేజీ వేసుకోవాలి, ఎలా మారాలి?

పర్లాకిమిడి_గోదాము:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో జీడిపప్పు, బియ్యం హోల్‌సేల్ గోదాము సర్వరు గురించి అడుగుతున్నాను. ఉబుంటు 18.04, 16 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. బిల్లింగు, స్టాకు మొత్తం పోస్ట్‌గ్రెస్ 10 డేటాబేసు మీద ఉంది, సైజు 38 జీబీ. హాజరు, జీతాల పీహెచ్‌పీ అప్లికేషన్ మైఎస్‌క్యూఎల్ 5.7 మీద ఉంది, అది 3 జీబీ. పార్టీల పేర్లు సగం తెలుగులో, సగం ఒడియాలో ఉంటాయి, కొన్ని ఇంగ్లీషులో. బిల్లు నంబర్లు 1-1204 లాగా మధ్యలో అడ్డగీతతో ఉంటాయి.

ఆదివారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 6 వరకు ఆపుకోవచ్చు. యూపీఎస్ 40 నిమిషాలు నిలబడుతుంది. నెట్టు నెమ్మది. ఇంకో పాత డెస్క్‌టాపు 8 జీబీ ర్యామ్‌తో ఖాళీగా ఉంది, అవసరమైతే కొత్త మెషీను కొనడానికి యజమాని ఒప్పుకున్నారు.

నా ప్రశ్నలు: ఉబుంటు ఇచ్చే పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ వాడాలా, పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఏపీటీ రిపాజిటరీ (ప్యాకేజీలు దించుకునే చోటు) పెట్టుకోవాలా? ఏ వెర్షను? ఉన్న పెట్టె మీదే రిలీజ్ అప్‌గ్రేడ్ (ఉబుంటునే కొత్త వెర్షనుకి మార్చడం) నడిపేస్తే సరిపోదా? మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండాలా, దాన్నుంచే పుట్టిన మారియాడీబీకి పోవాలా?


బరంపురం_డీబీ:

కమాండ్ల పేర్లు పలికినట్టు రాస్తున్నాను, మీరు టెర్మినల్లో ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు మూడో ప్రశ్నకి జవాబు. ఆ పెట్టె మీద రిలీజ్ అప్‌గ్రేడ్ నడపకండి. 18.04 నుంచి 24.04కి ఒక్క దూకులో పోలేరు. 20.04, తర్వాత 22.04, తర్వాత 24.04, మూడు మెట్లు. ప్రతి మెట్టులోనూ వందల ప్యాకేజీలు దిగుతాయి, నెమ్మది లైను మీద ఒక్క రాత్రిలో అవ్వదు. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ చచ్చిపోతే డీప్యాకేజీ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రాము) సగంలో ఆగిపోతుంది. పైగా ప్రతి మెట్టు చివరా "పాతబడిన ప్యాకేజీలు తీసేయమంటారా" అని అడుగుతుంది. పోస్ట్‌గ్రెస్ 10 ఆ జాబితాలోనే ఉంటుంది. అవును అన్నారంటే డేటా ఫోల్డరు మిగిలినా దాన్ని తెరిచే ప్రోగ్రాము ఉండదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం జీలిబ్‌సీ, అంటే లినక్స్‌లోని మూల లైబ్రరీ. పోస్ట్‌గ్రెస్ 10లో అక్షరాల వరుసను మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీయే చెప్తుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ వరుస పట్టికలు చాలా భాషలకి మారాయి. మీ 18.04లో ఉన్నది 2.27. అంటే 20.04కి ఎక్కగానే వరుస మారిపోతుంది, డిస్కు మీది ఇండెక్సులు మాత్రం పాత వరుసలోనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులో వెతికేటప్పుడు కొత్త వరుస ప్రకారం ఎడమకో కుడికో తిరుగుతుంది, అక్కడ ఉండవలసిన వరస (టేబుల్లోని రికార్డు) ఉండదు, "ఏమీ లేదు" అని తిరిగొస్తుంది. ఎర్రర్ రాదు. బిల్లు ఉంటుంది, వెతికితే దొరకదు. యూనిక్ ఇండెక్సు అదే నంబరుతో రెండో బిల్లును కూడా లోపలికి రానిస్తుంది.

మీకిది తప్పకుండా తగులుతుంది, ఎందుకంటే అడ్డగీత ఉన్న నంబర్లు. ఇప్పుడే చూసుకోవచ్చు. ఒక ఫైల్లో మొదటి లైను 1-1, రెండో లైను 11 అని రాసి, ఎల్‌సీ కొలేట్‌కి (అక్షరాల వరుస చెప్పే సెట్టింగు) ఇంగ్లీషు యూఎస్ యూటీఎఫ్-8 పెట్టి సార్ట్ కమాండు కొట్టండి. 18.04 మీద 11 ముందు వస్తుంది. 24.04 మీద 1-1 ముందు వస్తుంది. మెషీన్ మారితే మీ బిల్లు నంబరు కాలమ్ మీది ఇండెక్సుకి అయ్యేది అదే.

అందుకే పాత సర్వరు డేటా ఫోల్డరును కొత్త మెషీనుకి కాపీ చేయడం, పాత దాన్నుంచి స్ట్రీమింగ్ రెప్లికా (మార్పులు వచ్చినవి వచ్చినట్టు అందుకునే నకలు సర్వరు) పెట్టడం కూడా వద్దు. రెండిట్లోనూ ఇండెక్సులు ఉన్నవి ఉన్నట్టే వచ్చేస్తాయి. డంప్ తీసి (డేటాను ఫైళ్లుగా రాసి) రీస్టోర్ చేస్తే (కొత్తదాంట్లో ఎక్కిస్తే) ఇండెక్సులన్నీ కొత్త మెషీను వరుసలోనే కొత్తగా కడతాయి. 38 జీబీ అంటే డంప్‌కి భయపడే సైజు కాదు.

ప్యాకేజీ సంగతి. 24.04తో పోస్ట్‌గ్రెస్ 16 వస్తుంది, దానికి 2028 నవంబరు దాకా పోస్ట్‌గ్రెస్ వాళ్ల సపోర్టు ఉంది. (మీ 10కి 2022 నవంబరుతోనే అయిపోయింది.) సర్వరును రోజూ చూసే మనిషి లేని చోట ఉబుంటు ప్యాకేజీయే మేలని నా అభిప్రాయం. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లు తనంతట తానే వేసేది) మామూలుగా ఉబుంటు వాళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లనే తెస్తుంది, బయటి రిపాజిటరీ జోలికి పోదు. పోస్ట్‌గ్రెస్ ఏపీటీ పెట్టుకున్నారంటే ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో చిన్న వెర్షను వచ్చినప్పుడల్లా మీరే గుర్తుపెట్టుకుని వేయాలి. ఉబుంటు దారిలో ఒక ఇబ్బంది ఉంది: అప్‌డేటు పడినప్పుడు పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ అవుతుంది, మామూలుగా ఉదయం 6, 7 మధ్య. ఆ వేళకి లారీ లోడింగు బిల్లులు కొడుతుంటే టైమరును రాత్రి 2కి మార్చుకోండి.

ఇక పని. కొత్త మెషీను కొనండి, 24.04 వేయండి, పాతదాన్ని ముట్టుకోకండి. ప్యాకేజీలు వారం ముందే డౌన్‌లోడ్ ఓన్లీ ఆప్షన్‌తో దించి పెట్టుకోండి. కాంట్రిబ్ ఎక్స్‌టెన్షన్లు 16 ప్యాకేజీలోనే ఉంటాయి. పోస్ట్‌జీఐఎస్ లాంటివి వాడుతుంటే వాటి ప్యాకేజీలు ముందే వేసి ఉండాలి, లేకపోతే రీస్టోర్ మధ్యలో ఆ టేబుళ్లు రావు.

డేటాబేసును మీరే చేత్తో క్రియేట్ చేయండి: టెంప్లేట్‌జీరో నుంచి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఎల్‌సీ కొలేట్ ఉత్త సీ, ఎల్‌సీ సీటైప్ (ఏది అక్షరమో చెప్పేది) సీ.యూటీఎఫ్-8. కొలేట్ సీ అంటే బైట్ల వరుస, అది ఏ ఉబుంటుకి పోయినా మారదు. సీటైప్‌ను కూడా ఉత్త సీ చేస్తే ఇంగ్లీషు కాని అక్షరాలు అక్షరాలే కాదనుకుంటుంది, పీజీ ట్రైగ్రామ్ వెతుకులాట తెలుగు పేర్లకి పనిచేయదు. రీస్టోర్‌కి క్రియేట్ ఆప్షన్ ఇవ్వకండి, ఇస్తే పాత లొకేల్‌తోనే డేటాబేసు కట్టేస్తుంది. ఆ లొకేల్ కొత్త మెషీనులో లేకపోతే ఇన్‌వాలిడ్ లొకేల్ అని అక్కడే ఆగుతుంది.

ఆదివారం రాత్రి పాత సర్వరు పీజీ హెచ్‌బీఏ ఫైల్లో (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పేది) అప్లికేషన్ లైన్లు కామెంట్ చేసి రీలోడ్ కొట్టండి. రీలోడ్ కొత్త కనెక్షన్లనే ఆపుతుంది, అప్పటికే ఉన్నవి ఉంటాయి. వాటిని పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో తెంపాలి. ఇది మర్చిపోతే డంప్ మొదలైన తర్వాత కూడా ఎవరో ఒక బిల్లు కొడతారు, అది పాత దాంట్లోనే ఉండిపోతుంది.

డంప్‌ను కొత్త మెషీను మీది 16 వెర్షన్ పీజీ డంప్‌తోనే తీయండి, నెట్‌వర్కు మీద పాతదానికి తగిలించి. 16 పీజీ డంప్ 9.2 దాకా పాత సర్వర్లను చదవగలదు. ఫార్మాట్ డైరెక్టరీ, జాబ్స్ 4. డంప్‌లో జాబ్స్ ఆప్షన్ డైరెక్టరీ ఫార్మాట్‌కే పనిచేస్తుంది. యూజర్లు ఇందులో రారు, పీజీ డంప్ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీతో వేరే నడిపి, ముందు అది ఎక్కించాలి.

రీస్టోర్ ముందు మెయింటెనెన్స్ వర్క్ మెమ్ 1 జీబీ, మ్యాక్స్ వాల్ సైజు 8 జీబీ పెట్టండి, జాబ్స్ 4 ఇవ్వండి. అయ్యాక మెయింటెనెన్స్ వర్క్ మెమ్ తగ్గించేయండి. పాత కాన్ఫిగ్ ఫైలును అలాగే తెచ్చి పెట్టకండి. 16 జీబీ మెషీనుకి షేర్డ్ బఫర్స్ 4 జీబీ ఇచ్చి మిగతావి అవసరాన్ని బట్టి ఒక్కొక్కటీ మార్చుకోండి. ఆఖరున వాక్యూమ్ డీబీని ఆల్, అనలైజ్ ఇన్ స్టేజెస్ ఆప్షన్లతో నడపాలి. నడపకపోతే ప్లానరుకి ఏ టేబుల్లో ఎన్ని వరసలున్నాయో అంచనా ఉండదు. సోమవారం పొద్దున్న అందరూ "కొత్త సర్వరు పాతదానికంటే నెమ్మది" అంటారు.

రీస్టోర్ మధ్యలో కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు. కొత్త దాంట్లో డేటాబేసు డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. పాతది అలాగే ఉంటుంది, ఈ పద్ధతి పట్టుకోవడం అందుకే.


గుణుపురం_లినక్స్:

బరంపురం అన్న చెప్పిన దారే సరైనది. రెండు విషయాలు కలుపుతాను, ఒకదాంట్లో అన్నతో తేడా ఉంది.

తేడా వెర్షను గురించి. నేనైతే 17 అంటాను, పోస్ట్‌గ్రెస్ ఏపీటీ నుంచి. 17లో బిల్ట్ఇన్ అని కొత్త కొలేషన్ (అక్షరాల వరుస) ప్రొవైడరు వచ్చింది. సీ.యూటీఎఫ్-8 వరుసను పోస్ట్‌గ్రెసే సొంతంగా మోస్తుంది, జీలిబ్‌సీతో పని లేదు. సపోర్టు కూడా 2029 నవంబరు దాకా. అయితే మూడు నెలలకోసారి చేత్తో అప్‌డేట్ వేసే మనిషి ఉంటేనే. లేకపోతే అన్న మాటే వినండి, ప్యాచ్ పడని 17 కంటే ప్యాచ్ పడిన 16 నయం.

ఏపీటీ రిపాజిటరీ పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటి ఉంది. ప్యాకేజీ పేరు నంబరుతో సహా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-17 అని ఇవ్వాలి. ఉత్త పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఇస్తే అది మెటా ప్యాకేజీ, ఎప్పుడూ అన్నిటికంటే కొత్త పెద్ద వెర్షనుకే కట్టుబడి ఉంటుంది. 17 కొత్తగా ఉన్నప్పుడు అలా వేసినవాళ్లు ఏడాది తిరిగాక మామూలు అప్‌గ్రేడు కొడితే 18 కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది, 5433 పోర్టు మీద ఖాళీ క్లస్టరుతో (ఒక పోస్ట్‌గ్రెస్, దాని డేటా ఫోల్డరు కలిపి క్లస్టరు). డేటా 17లోనే ఉంటుంది, మనిషి మాత్రం 18కి మారిపోయాం అనుకుంటాడు. పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్ అని కొడితే ఏ వెర్షను ఏ పోర్టు మీద ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ ఖాళీ క్లస్టరును తీసేటప్పుడు పీజీ డ్రాప్ క్లస్టర్‌కి వెర్షను నంబరు రెండుసార్లు చూసుకుని ఇవ్వండి, అది అడగకుండానే చెరిపేస్తుంది.

ఎవరో ఒకరు లింక్ మోడ్ పీజీ అప్‌గ్రేడ్ (డేటా కాపీ చేయకుండానే వెర్షను మార్చేది) గురించి చెప్తారు, నిమిషాల్లో అయిపోతుందని. నిజమే అవుతుంది. కాని లింక్ మోడ్‌లో పాత, కొత్త క్లస్టర్లు రెండూ అవే ఫైళ్లను పట్టుకుంటాయి. కొత్తది ఒక్కసారి స్టార్ట్ చేశారంటే పాతదానికి తిరిగి పోలేరు. 500 జీబీ ఉండి గంట మాత్రమే ఆపగలిగినవాళ్లకి అది కావాలి. 38 జీబీకి ఎనిమిది గంటలున్న మీకు ఆ తెగింపు అనవసరం.

ఇంకొకటి, పాత బిల్లింగు ప్రోగ్రాముల్లో ఉంటుంది కాబట్టి చూడండి: విత్ ఓఐడీస్ అని కట్టిన టేబుళ్లు (ప్రతి వరసకి దాచిన గుర్తు నంబరు ఉండేవి). 12 నుంచి ఆ సౌకర్యం తీసేశారు. కొత్త పీజీ డంప్ ఆ టేబుల్ను తెస్తుంది, దాచిన ఓఐడీ కాలమ్‌ను వదిలేస్తుంది. అప్లికేషన్ దాన్నే వరస గుర్తుగా వాడుతుంటే సోమవారం ఎడిట్ బటన్లన్నీ పనిచేయడం మానేస్తాయి. పాత సర్వరులో పీజీ క్లాస్ కేటలాగులో రెల్ హ్యాజ్ ఓఐడీస్ నిజం అని ఉన్న మీ టేబుళ్లు ఏమైనా ఉన్నాయా చూడండి. ఉంటే ముందే మామూలు ఐడీ కాలమ్ పెట్టించాలి.


జయపురం_పీహెచ్‌పీ:

మైఎస్‌క్యూఎల్ భాగం నేను చెప్తాను.

5.7కి 2023 అక్టోబరుతో, 8.0కి 2026 ఏప్రిల్‌తో సపోర్టు అయిపోయినట్టే. 5.7 డేటా ఫోల్డరు మీద 8.4 నేరుగా వేయకూడదు, 8.0 మీదుగానే పోవాలి. ఒకసారి 8.0 ముట్టుకున్న ఫోల్డరు మళ్లీ 5.7కి తెరుచుకోదు. మీది 3 జీబీయే కాబట్టి ఈ మెట్ల గొడవ మీకెందుకు, డంప్ తీసి ఎక్కించండి. అప్లికేషన్ డేటాబేసు ఒక్కటే తీయండి. మైఎస్‌క్యూఎల్ అనే పేరున్న సిస్టమ్ డేటాబేసును తెచ్చి కొత్తదాని మీద పోయకండి. యూజర్లను కొత్తగా చేసుకోండి, జీతాల ప్రోగ్రాముకి ఇద్దరో ముగ్గురో ఉంటారు. డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్, రొటీన్స్, ఈవెంట్స్ ఇవ్వండి. రొటీన్స్ మర్చిపోతే స్టోర్డ్ ప్రొసీజర్లు రావు, జీతాల లెక్క మొత్తం అందులోనే ఉండే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి.

మారియాడీబీ సంగతి. 24.04తో 10.11 వస్తుంది, 2028 ఫిబ్రవరి దాకా సపోర్టు ఉంది. పాత పీహెచ్‌పీ కోడుకి అదే తేలిక, లాగిన్ పద్ధతి మారదు కాబట్టి. కోడులో జేసన్ కాలమ్‌లను బాణం గుర్తుతో తీస్తుంటే మాత్రం మారియాడీబీ అది ఒప్పుకోదు, జేసన్ ఎక్స్‌ట్రాక్ట్‌గా మార్చాలి. కోడులోని ఎస్‌క్యూఎల్ క్వెరీల్లో ఆ గుర్తు కోసం గ్రెప్ కొట్టి చూసుకుని, లేకపోతే మారియాడీబీకే వెళ్లండి. ఒక్క జాగ్రత్త: మధ్యలో మనసు మార్చుకుని మైఎస్‌క్యూఎల్ 8 ఎక్కించి అక్కడి నుంచి డంప్ తెస్తే, 10.11 యూటీఎఫ్8ఎంబీ4 0900 ఏఐ సీఐ కొలేషన్ తెలీదని 1273 ఎర్రర్ ఇస్తుంది. 5.7 డంప్‌లో ఆ పేరు ఉండదు, నేరుగా అక్కడి నుంచే తెండి.

మైఎస్‌క్యూఎల్‌లోనే ఉంటామంటే పాత మై.సీఎన్‌ఎఫ్ తీసుకుపోకండి. క్వెరీ క్యాష్ సైజు లైనున్నా, ఎస్‌క్యూఎల్ మోడ్‌లో నో ఆటో క్రియేట్ యూజర్ ఉన్నా 8.0 అసలు లేవదు. ర్యాంక్, గ్రూప్స్, సిస్టమ్ అని కాలమ్ పేర్లుంటే అవి ఇప్పుడు రిజర్వుడు మాటలు, బ్యాక్‌టిక్ లేకుండా రాసిన క్వెరీలన్నీ పడిపోతాయి. ఇంకొకటి మనుషులు పట్టుకోలేనిది: 5.7లో గ్రూప్ బై చేస్తే జవాబు వరుసలో కూడా వచ్చేది. 8.0లో ఆ వరుస రాదు. జీతాల చిట్టా నెలవారీగా చిందరవందరగా కనిపిస్తే ఆ క్వెరీకి ఆర్డర్ బై చేర్చాలి.

తెలుగు, ఒడియా పేర్లున్న వాళ్లందరూ చూసుకోవలసింది ఇంకోటుంది. మన అక్షరాలు యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి పాత యూటీఎఫ్8 కాలమ్‌లో కూడా ఇన్నాళ్లు సరిగ్గానే కూర్చున్నాయి. యూటీఎఫ్8ఎంబీ4కి మార్చేటప్పుడు కొలేషన్ కూడా మారుతుంది, చిక్కు అక్కడ. "రాజ్‌కుమార్" అని కొందరు జ్ తర్వాత కనపడని విడదీసే గుర్తు పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టకుండా "రాజ్కుమార్" అని కొడతారు. జనరల్ సీఐ కొలేషన్‌కి ఇవి రెండు వేరే పేర్లు. యూనికోడ్ సీఐకి, 0900 ఏఐ సీఐకి రెండూ ఒకటే, ఎందుకంటే ఆ గుర్తును అవి లెక్కలోకి తీసుకోవు. పేరు మీద యూనిక్ ఇండెక్సు ఉంటే కన్వర్ట్ చేసేటప్పుడు డూప్లికేట్ ఎంట్రీ అని 1062 వస్తుంది. స్క్రీను మీద ఎంత చూసినా కారణం కనపడదు, ఆ పేరుకి హెక్స్ ఫంక్షన్ వేసి చూడండి, ఈ2808సీ ఉన్నదే తేడా. మార్పు రాత్రి ఈ పని పెట్టుకోకండి. జనరల్ సీఐతోనే తరలించి, తర్వాత తీరిగ్గా పేర్లు శుభ్రం చేసి మార్చుకోండి.


పర్లాకిమిడి_గోదాము:

అందరికీ ధన్యవాదాలు. పాత డెస్క్‌టాపు మీద 24.04, పోస్ట్‌గ్రెస్ 16, మారియాడీబీ 10.11 వేసి రిహార్సల్ చేశాను. ఓఐడీ టేబుళ్లు లేవు. జేసన్ బాణం గుర్తు కోడులో లేదు. రీస్టోర్ ఎర్రర్లు లేకుండా అయింది. రెండు చోట్ల ఆగాను.

ఒకటి, బిల్లింగు ప్రోగ్రాము లాగిన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అంటుంది. పాస్‌వర్డు మారలేదు. రెండు, పార్టీల జాబితాలో ఒడియా పేర్లన్నీ ముందు, తెలుగు పేర్లన్నీ వెనక వస్తున్నాయి. ఇంగ్లీషులో చిన్నక్షరంతో మొదలైన పార్టీలు పెద్దక్షరాల జడ్ తర్వాత వస్తున్నాయి.


బరంపురం_డీబీ:

మొదటిది. పోస్ట్‌గ్రెస్ లాగ్ చూడండి, ఆ యూజర్‌కి వాలిడ్ స్క్రామ్ సీక్రెట్ లేదని డీటెయిల్ లైను ఉంటుంది. 10 నుంచి తెచ్చిన పాస్‌వర్డులు ఎండీ5 రూపంలో (దాచే పాత పద్ధతి) ఉన్నాయి, కొత్త పీజీ హెచ్‌బీఏ ఫైలు స్క్రామ్ (కొత్త పద్ధతి) అడుగుతోంది. ప్రస్తుతానికి మీ గోదాము నెట్‌వర్కు లైన్లో స్క్రామ్ బదులు ఎండీ5 అని పెట్టి రీలోడ్ చేయండి. ఎండీ5 అని రాసినా స్క్రామ్ పాస్‌వర్డులను కూడా అది ఒప్పుకుంటుంది, కాబట్టి యూజర్లను ఒక్కొక్కరినే మార్చుకోవచ్చు. మార్చే ముందు ప్రోగ్రాములోని ఓడీబీసీ, జేడీబీసీ డ్రైవర్లు కొత్తవి వేయండి. డ్రైవరు పాతదైతే అథెంటికేషన్ టైప్ 10 సపోర్టు లేదని వేరే ఎర్రర్ వస్తుంది, దానికి పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు.

రెండోది కొలేట్ సీ పెట్టినందుకు వచ్చేదే. యూనికోడ్‌లో ఒడియా అక్షరాలు 0బి00 దగ్గర, తెలుగు 0సి00 దగ్గర మొదలవుతాయి, బైట్ల వరుసలో ఒడియా ముందు. తెలుగులో కూడా ళ అక్షరం వ కంటే ముందొస్తుంది, మన వర్ణమాలలో అది హ తర్వాత. డేటాబేసు కొలేషన్‌ను మార్చకండి, ఇండెక్సులకి అదే రక్ష. జాబితా చూపించే క్వెరీలో మాత్రం ఆర్డర్ బై పేరు తర్వాత కొలేట్ అని రాసి, కోట్లలో టీఈ-ఎక్స్-ఐసీయూ (ఐసీయూ అనే లైబ్రరీ ఇచ్చే తెలుగు వరుస) పెట్టండి. ఒడియా జాబితాకి ఓఆర్-ఎక్స్-ఐసీయూ. రెండు లిపులూ ఒకే జాబితాలో వస్తే పార్టీ టేబుల్లో లిపి అని ఒక కాలమ్ పెట్టి, ముందు దాని మీద, తర్వాత పేరు మీద సార్ట్ చేయడం శుభ్రం. గుమాస్తాకి ఏ లిపి ముందు కావాలో అదే మొదట పెట్టుకోవచ్చు.


గుణుపురం_లినక్స్:

ఆ ఐసీయూ కొలేషన్‌తో ఇండెక్సు కట్టకండి. పార్టీలు కొన్ని వేలే ఉంటాయి కాబట్టి ఇండెక్సు లేకుండానే చిటికెలో సార్ట్ అవుతాయి. కట్టారంటే వచ్చే ఉబుంటుకి మారినప్పుడు ఐసీయూ వెర్షను మారి ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. పోస్ట్‌గ్రెస్ కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్ అని వార్నింగు ఇస్తుంది. ముందు ఆ ఇండెక్సును రీఇండెక్స్ చేసి, ఆ తర్వాతే ఆల్టర్ కొలేషన్ రిఫ్రెష్ వెర్షన్ కొట్టాలి. చాలామంది రిఫ్రెష్ ఒక్కటే కొట్టి వార్నింగు పోయింది కదా అని వదిలేస్తారు. ఇండెక్సు మాత్రం చెడినట్టే ఉంటుంది.

అసలు రాత్రికి ముందు: ప్రతి టేబుల్లో వరసల లెక్క, బిల్లుల మొత్తం రూపాయల్లో, ప్రతి సీక్వెన్సు ఆఖరి నంబరు, ఈ మూడూ పాతదాంట్లో డంప్‌కి ముందు, కొత్తదాంట్లో రీస్టోర్ తర్వాత ఒకే స్క్రిప్టుతో తీసి డిఫ్ కొట్టండి. రెండు ఫైళ్లూ ఒకటే అని వచ్చాకే ప్రోగ్రాముల్లో ఐపీ అడ్రసు మార్చండి. పాత సర్వరు నెట్‌వర్కు కేబులు పీకేసి నెల రోజులు అలాగే ఉంచండి, ఫార్మాట్ చేయకండి.


పర్లాకిమిడి_గోదాము:

ఎండీ5 లైను మార్చాక లాగిన్ అయింది. లిపి కాలమ్ పెట్టించాను, జాబితా సరిగ్గా వస్తోంది. స్క్రిప్టు రాసి రెండు వైపులా డిఫ్ తీశాను, తేడా లేదు. కొత్త మెషీను వచ్చాక ఇదే వరుసలో చేస్తాను.